తలుపు పెట్టని ఇంటికి కన్నమే గతి

“అప్లికేషన్ రాసేవాడికి ఈథర్‌నెట్ ఫ్రేమ్‌తో పనేంటి? సాకెట్ ఉందిగా!”

ఎంబెడెడ్ రంగంలో ఈ మాట విననివాళ్ళుండరు. డిజైన్ రివ్యూలో సీనియర్ అంటాడు. ట్రైనింగ్‌లో ఫ్యాకల్టీ అంటాడు. ఇంటర్వ్యూలో ఇంకో జవాబు చెప్తే మార్కులు పోతాయి. రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఆర్‌టీఓఎస్) ఎంచుకునేటప్పుడూ అంతే. టీసీపీ ఉందా, యూడీపీ ఉందా, టీఎల్‌ఎస్ ఉందా అని మూడు టిక్కులు పడగానే నెట్‌వర్కింగ్ పేజీ తిప్పేస్తారు. రా ఈథర్‌నెట్ యాక్సెస్, అంటే ఐపీ ప్రమేయం లేకుండా అప్లికేషనే ఫ్రేమ్ కట్టి తీగ మీదికి పంపడం, తనకు రావలసిన ఫ్రేమ్‌ను నేరుగా అందుకోవడం, ఆ చెక్‌లిస్టులో కనపడదు. అడిగినవాణ్ణి పాతకాలం మనిషిలా చూస్తారు.

వాళ్ళ వాదనను దాని బలంతో సహా ముందు పెడతాను. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదే హార్డ్‌వేర్ గోలను అప్లికేషన్ చెవిన పడనివ్వకుండా చూడటానికి. సాకెట్ ఆ పని నలభై ఏళ్ళుగా చేస్తోంది. కింద ఏ చిప్పున్నా పైన కోడు మారదు. టీసీపీ బరువనిపిస్తే యూడీపీ ఉంది, దాని హెడర్ 8 బైట్లే. రా యాక్సెస్ ఇస్తే ఏ టాస్కయినా ఎవరి పేరు మీదైనా ఫ్రేమ్ పంపగలదు, అందరి ఫ్రేములూ వినగలదు. అది భద్రతకు చిల్లు. అలా రాసిన కోడు ఆ ఓఎస్‌కే అంటుకుపోతుంది, ఇంకోచోటికి రాదు. నిజంగా అవసరం ఉన్నవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు. వాళ్ళు డ్రైవర్లో నాలుగు లైన్లు చేర్చుకుంటారు. ఆ ఒకరిద్దరి కోసం ఓఎస్‌లో ఒక ఇంటర్‌ఫేస్ పెట్టి, దాన్ని టెస్టు చేసి, పదేళ్ళు మొయ్యడం దండగ.

ఆ వాదనలో మొదటి వాక్యం నూటికి నూరుపాళ్ళు నిజం. దాన్నుంచి లాగిన ముగింపుల్లో ఒక్కటీ నిలవదు.

1. ఇల్లు ఈథర్‌నెట్‌ది, ఐపీ అద్దెకొచ్చింది

సాకెట్ చాలనేవాళ్ళ దృష్టిలో ఈథర్‌నెట్ అంటే ఐపీ ప్యాకెట్లు పారే గొట్టం. తేదీలు చూడండి. జిరాక్స్ పార్క్‌లో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ మెమో రాసింది 1973 మే 22న. ఐపీకి ప్రామాణిక నిర్వచనమైన ఆర్‌ఎఫ్‌సీ 791 వచ్చింది 1981లో. ఐపీని ఈథర్‌నెట్ మీద ఎలా మోయాలో చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 894 వచ్చింది 1984లో. అప్పటికి ఆ ఇంటి వయసు పదకొండేళ్ళు.

ఆ ఇంటిని కట్టినవాళ్ళు ఒకే కాపురానికి కట్టలేదు. ఫ్రేములో గమ్యం మ్యాక్ 6 బైట్లు, పంపినవాడి మ్యాక్ 6 బైట్లు, ఆ తర్వాత రెండు బైట్ల ఈథర్‌టైప్. ఆ గడి ఉన్నది దేనికి? లోపలున్నది ఎవరి సరుకో చెప్పడానికి. 0800 అయితే ఐపీ, 0806 అయితే ఏఆర్‌పీ, 8892 అయితే ప్రొఫినెట్, 88ఏ4 అయితే ఈథర్‌క్యాట్, 88బీ8 అయితే సబ్‌స్టేషన్లలో నడిచే గూస్, 88ఎఫ్7 అయితే గడియారాలు కలిపే పీటీపీ. గుమ్మానికి ఇన్ని పేర్ల పలకలు వేలాడుతుంటే, ఓఎస్ మాత్రం ఒక్క అద్దెదారుకే తాళంచెవి ఇచ్చి తక్కినవాళ్ళ ఉత్తరాలు చెత్తబుట్టలో వేస్తోంది. చాలా చిన్న స్టాకుల్లో అక్షరాలా జరిగేదిదే: ఈథర్‌టైప్ తెలియనిదైతే బఫర్ విడుదల చేసి చేతులు దులుపుకుంటాయి.

ఇంకో సంగతి. ఐపీ అడ్రసు తెచ్చిపెట్టే డీహెచ్‌సీపీ క్లయింట్ లినక్స్‌లో ఎలా పనిచేస్తుందో చూడండి. ఇంకా అడ్రసే లేని ఇంటర్‌ఫేస్ మీద మాట్లాడాలి కనక ఐఎస్‌సీ వారి క్లయింటూ, చిన్న రౌటర్లలో ఉండే బిజీబాక్స్ క్లయింటూ రా ప్యాకెట్ సాకెట్ తెరుస్తాయి. ఒకప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కోసం మోడెమ్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టినవాళ్ళందరూ వాడిన పీపీపీఓఈ కూడా ఈథర్‌నెట్ మీద నేరుగా నడిచేదే. దాని ఈథర్‌టైపులు 8863, 8864. సాకెట్ ఒక్కటే చాలనే లోకంలో ఆ సాకెట్‌కు ఊపిరి పోసే తొలి ప్యాకెటే రా ప్యాకెట్!

2. “యూడీపీ చాలు” అన్నవాళ్ళు ఏఆర్‌పీని మర్చిపోయారు

ముందు నా పక్షంవాళ్ళ చెత్త వాదనను నేనే తీసి పారేస్తాను. “ఐపీ, యూడీపీ హెడర్లు 28 బైట్లు వృథా” అంటారు కొందరు. వంద మెగాబిట్ల లింకు మీద 28 బైట్లంటే 2.24 మైక్రోసెకన్లు. దాని కోసం ఎవరూ వ్యాసాలు రాయనక్కర్లేదు. నా గొడవ బైట్లతో కాదు. సాకెట్ పిలిచిన క్షణానికీ ఫ్రేము తీగ ఎక్కిన క్షణానికీ మధ్య, అప్లికేషన్ అడగని పనులు అప్లికేషన్‌కు తెలియకుండా జరుగుతాయి. వాటికి గడువు చెప్పగలిగినవాడెవడూ లేడు.

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ. మందుల సీసాలకు లేబుళ్ళు అతికించే మెషీన్. కంట్రోలర్ బోర్డు, మోటారు నడిపే బోర్డు రెండూ మావే. మధ్యలో ఒక స్విచ్చు. 4 మిల్లీసెకన్లకోసారి ఒక యూడీపీ ప్యాకెట్ వెళ్ళాలి. ల్యాబ్‌లో గంటల తరబడి నడిపాం, తేడా లేదు. అక్కడ పెట్టిన మర్నాడే షిఫ్టు సూపర్‌వైజర్ ఫోన్.

“సార్, మీ బోర్డు ఓపారి గుటకేస్తున్నది.”

“ఎప్పుడెప్పుడు?”

“గడియారం జూసిన సార్. ఇరవై నిమిషాలకోపారి. ఆ టైముకొచ్చిన రెండు మూడు సీసాలకు లేబుల్ వంకర పడ్తున్నది.”

ఆయన చేతిగడియారం మా ల్యాబ్ కంటే నయం. ఆ స్టాకులో ఏఆర్‌పీ పట్టిక గడువు సరిగ్గా ఇరవై నిమిషాలు. గడువు తీరగానే అవతలి బోర్డు మ్యాక్ అడ్రసు చెరిగిపోతుంది. తర్వాతి యూడీపీ ప్యాకెట్ వచ్చేసరికి స్టాకు దాన్ని పక్కనపెట్టి “ఈ ఐపీ ఎవరిది?” అని ఊరంతా కేకేస్తుంది. అవతలి బోర్డులో నెట్‌వర్క్ టాస్కుకు ప్రాధాన్యం తక్కువ, జవాబు తాపీగా వచ్చింది. ఈలోపు రెండు మూడు చక్రాలు గడిచిపోయాయి. ల్యాబ్‌లో ఇది ఎందుకు పట్టలేదంటే, గ్రాఫులో రోజుకు డెబ్బై రెండు చుక్కలు మాకు నాయిస్‌లా కనపడ్డాయి. వంకర లేబుల్ మాత్రం సూపర్‌వైజర్ కంటికి వంకర లేబుల్‌లాగే కనపడింది.

“స్టాటిక్ ఏఆర్‌పీ పెట్టొచ్చుగా” అంటారు. పెట్టాం. మూడు నెలలు బాగానే గడిచింది. ఒక రాత్రి మోటారు బోర్డు కాలిపోతే టెక్నీషియన్ స్పేర్ బోర్డు బిగించాడు. ఐపీ అదే, మ్యాక్ వేరు. కంట్రోలర్ తెల్లారేదాకా చచ్చిపోయిన బోర్డుకే ఉత్తరాలు రాస్తూ కూర్చుంది.

“మల్టీకాస్ట్ పెడితే ఏఆర్‌పీ అక్కర్లేదుగా” అంటారు. నిజమే, అదీ చేశాం. ఫ్యాక్టరీవాళ్ళు స్విచ్చు మార్చి ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్నది తెచ్చారు. ఆ నెట్‌వర్కులో ఐజీఎంపీ క్వెరీలు పంపేవాడెవడూ లేడు. గ్రూపులో ఎవరున్నారో అడిగే దిక్కులేక స్విచ్చు కొన్ని నిమిషాలకు సభ్యత్వాలు కొట్టేసి ప్యాకెట్లు ఆపేసింది. చివరికి ఐపీ తీసేసి, మా సొంత గ్రూపు మ్యాక్‌కు నేరుగా ఫ్రేములు పంపితే గుటకలు ఆగాయి. ఐపీ కాని మల్టీకాస్ట్ జోలికి ఐజీఎంపీ స్నూపింగ్ రాదు.

రెండు బోర్డుల మధ్య ఒక తీగ, ఒక స్విచ్చు. రౌటర్ లేదు, సబ్‌నెట్ లేదు, ఇంటర్నెట్ లేదు. ఐపీ పరిష్కరించడానికి పుట్టిన సమస్య ఒక్కటీ అక్కడ లేదు. ఐపీ తెచ్చిపెట్టే సమస్యలు మాత్రం మూడూ ఉన్నాయి.

మాది లేబుళ్ళ బాధ. సబ్‌స్టేషన్లో ఇదే ప్రశ్నకు ప్రమాణాలు రాసినవాళ్ళే జవాబు చెప్పారు. లైన్లో ఫాల్టు వస్తే రిలే పంపే ట్రిప్ సందేశం అవతలికి చేరడానికి ఐఈసీ 61850 అత్యంత కఠినమైన తరగతిలో ఇచ్చే గడువు 3 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. అంటే అందులో ఆరోవంతు కూడా లేదు. అందుకే గూస్ టీసీపీ జోలికి పోలేదు, యూడీపీ జోలికీ పోలేదు. ఈథర్‌నెట్ మీద మల్టీకాస్ట్‌గా ఫ్రేము పంపి, జవాబు కోసం ఎదురుచూడకుండా అదే సందేశాన్ని వెంటవెంటనే, తర్వాత క్రమంగా ఎడం పెంచుతూ మళ్ళీ మళ్ళీ పంపుతుంది. కరెంటు, వోల్టేజీ నమూనాలు మోసే శాంపుల్డ్ వాల్యూస్ కూడా అంతే: ఆవర్తనానికి 80 నమూనాల లెక్కన సెకనుకు 4000 ఫ్రేములు, 250 మైక్రోసెకన్లకొకటి. సబ్‌స్టేషన్ దాటి పోవలసిన చోట యూడీపీ మీద నడిచే గూస్ రూపం ఒకటి తర్వాత వచ్చింది, కాదనను. రౌటర్ దాటాల్సినచోట ఐపీ కావాలి. దాటనక్కర్లేని చోట దాన్ని నెత్తిన పెట్టుకోమనడమే అన్యాయం. అదే రిలే కంట్రోల్ రూముతో మాట్లాడేటప్పుడు ఎంఎంఎస్ అనే ప్రోటోకాల్‌ను టీసీపీ మీదే నడుపుతుంది. ఒకే పెట్టెలో రెండూ కాపురం ఉంటాయి. ఓఎస్ రెండింటికీ చోటివ్వాలి.

బెకాఫ్ 2003లో బయటపెట్టిన ఈథర్‌క్యాట్ సంగతి ఇంకా తమాషా. మాస్టర్ పంపిన ఫ్రేము రైలులా ప్రతి పరికరం గుండా పోతుంది. పరికరం దాన్ని ఆపదు. పోతున్న పెట్టెలోంచి తన బైట్లు తీసుకుని, తన జవాబు అందులోనే పడేస్తుంది. దీనికి యూడీపీ రూపం కూడా ఉంది, పోర్టు నంబరు 34980. ఆ అంకెను హెక్సాడెసిమల్లోకి మార్చి చూడండి: 88ఏ4. ఈథర్‌టైప్ అంకెనే పోర్టుగా తొడిగారు. ఆ పరికరాల్లో ఐపీ స్టాకేమీ ఉండనక్కర్లేదు; పైనున్న హెడర్లు దాటేసి లోపలికి చూస్తాయి. అక్కడ ఐపీ వేషం. సాకెట్ తప్ప మరోటి ఇవ్వని ఓఎస్ ముందు ఆ వేషం కట్టక తప్పదు.

3. “గిగాబిట్ వచ్చింది, టీఎస్‌ఎన్ వస్తోంది, ఇదంతా పోతుంది”

క్లుప్తంగా. వేగం పెరిగితే సగటు ఆలస్యం తగ్గుతుంది. ఏఆర్‌పీ గడువు గిగాబిట్ లింకు మీద కూడా తీరుతుంది.

ఇక టీఎస్‌ఎన్. టైమ్ సెన్సిటివ్ నెట్‌వర్కింగ్ వస్తే రా ఈథర్‌నెట్ అవసరం పోతుందనేవాళ్ళు ఆ ప్రమాణాల పేర్లయినా చదవాలి. 802.1క్యూబీవీ, 802.1ఏఎస్: అన్నీ 802 కుటుంబంవే, అన్నీ రెండో పొరవే. గడియారాలు కలిపే 802.1ఏఎస్ తన సందేశాలను నేరుగా ఈథర్‌నెట్ మీదే పంపుతుంది. ఐటీ లోకానికి దగ్గరగా ఉంటుందని పేరున్న ఓపీసీ యూఏ కూడా దాని పబ్లిష్-సబ్‌స్క్రైబ్ భాగానికి ఐపీ లేకుండా ఈథర్‌నెట్ మీద పోయే దారి పెట్టుకుంది, సొంత ఈథర్‌టైప్ తీసుకుని మరీ. పొమ్మంటున్న అతిథి సామానుతో సహా దిగుతున్నాడు.

4. “భద్రతకు చిల్లు” – ఎవరిది?

ఇది అన్నిటికంటే గంభీరంగా వినిపించే వాదన, అన్నిటికంటే డొల్ల వాదన కూడా.

ఎదుటివాళ్ళ చేతిలో ఉన్న సాక్ష్యం దాచను. లినక్స్ ప్యాకెట్ సాకెట్ కోడులో నిజంగా పెద్ద లోపాలు దొరికాయి. సీవీఈ-2017-7308, సీవీఈ-2020-14386 వాటిలో రెండు. రెండూ ఒకే రకం: అప్పటికే యంత్రంలో చొరబడి, రా సాకెట్ తెరిచే అనుమతి సంపాదించినవాడు కెర్నెల్ మీద పెత్తనం చేజిక్కించుకోగలడు.

ఇప్పుడు తక్కెడ రెండో పళ్ళెం చూడండి. 2019 జూలైలో అర్జెంట్/11 బయటపడింది: వీఎక్స్‌వర్క్స్ ఐపీనెట్ స్టాకులో 11 లోపాలు, వాటిలో 6 దూరం నుంచే కోడు నడిపించగలిగేవి. 2020 జూన్‌లో రిపుల్20: ట్రెక్ వారి టీసీపీ/ఐపీ స్టాకులో 19. అదే ఏడాది డిసెంబర్‌లో ఆమ్నీసియా:33: యూఐపీ, ఎఫ్‌నెట్, పికోటీసీపీ, నట్/నెట్ అనే నాలుగు ఓపెన్‌సోర్స్ స్టాకుల్లో కలిపి 33. ఏడాదిన్నర లోపు ఎంబెడెడ్ లోకాన్ని మూడుసార్లు ఊపేసినవి ఇవి. ఏ ఒక్కటీ రా ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేస్‌లో పుట్టలేదు. అన్నీ ‘భద్రంగా’ సాకెట్ కిందున్న స్టాకులోనే పుట్టాయి: ఐపీ ఆప్షన్లు చదివేచోట, టీసీపీ అర్జెంట్ పాయింటర్ చూసేచోట, డీఎన్‌ఎస్ జవాబు విప్పేచోట.

ఈ లెక్క చూపించి స్టాకు పీకేయమనడం లేదు. దానితో పోలిస్తే 14 బైట్ల హెడర్ చూసి ఈథర్‌టైప్ పోల్చి బఫర్ అప్పగించే కోడు ఎంత? కొన్ని పదుల లైన్లు. తప్పు దొర్లే చోటే తక్కువ. పైగా ఆ ఫ్రేము రౌటర్ దాటదు. పంపాలంటే అదే తీగ మీద ఉండాలి.

“సరే, ఆ తీగ మీదికి వచ్చినవాడు దొంగ గూస్ ఫ్రేము పంపితే?” పంపగలడు. తొలినాటి గూస్‌లో పంపినవాణ్ణి ధ్రువీకరించే ఏర్పాటు లేకపోవడం అందరికీ తెలిసిన లోపమే. దాని కోసమే ఐఈసీ 62351 వచ్చింది. కానీ ఆ దొంగ మన ఆర్‌టీఓఎస్‌లో ఏపీఐ ఉందో లేదో కనుక్కుని రాడు. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాడు. మన ఓఎస్‌లో రా యాక్సెస్ తీసేస్తే చేతులు కట్టేసుకునేది మనం, దొంగ కాదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

ఇంకొక్క మాట. చిన్న మైక్రోకంట్రోలర్ల మీద నడిచే చాలా ఆర్‌టీఓఎస్‌లలో టాస్కుల మధ్య గోడలే ఉండవు, ఉన్నా ఆన్ చేసేవాళ్ళు తక్కువ. ఏ టాస్కయినా ఈథర్‌నెట్ మ్యాక్ రిజిస్టర్లలో ఏదైనా రాయగలదు, డీఎంఏ డిస్క్రిప్టర్లను చెరపగలదు. ఇంటికి గోడలే లేనప్పుడు తలుపు తీసేశాం కనక భద్రం అనడంలో ఉన్న తర్కం నాకు అందదు. గోడలున్న చోట, ఓఎస్ కాపలా కాసే తలుపు వల్లే ఎవరు లోపలికి రావాలో చెప్పే అవకాశం ఉంటుంది: ఈ టాస్కుకు 88ఏ4 మాత్రమే, ఆ టాస్కుకు పంపే హక్కు లేదు, వినే హక్కే, తక్కినవాళ్ళ ఫ్రేములు వినడం ఎవరికీ కుదరదు. ఈ ఆలోచన కొత్తదేం కాదు. మోగల్, రషీద్, అచెట్టా 1987లోనే కెర్నెల్లో ప్యాకెట్ ఫిల్టర్ పెట్టి యూజర్ ప్రోగ్రాములకు ఫ్రేములు పంచడం ఎలాగో రాశారు. మెక్కాన్, వాన్ జాకబ్సన్ 1992లో దాన్ని బీపీఎఫ్‌గా పదునుపెట్టారు. మనం రోజూ తెరిచే వైర్‌షార్క్ ఆ సంతతే.

5. “పోర్టబిలిటీ పోతుంది”

పోయేదెక్కడ, అసలు ఇచ్చిందెప్పుడు? పోసిక్స్‌లో ప్యాకెట్ సాకెట్ లేదు. లినక్స్‌లో ఏఎఫ్-ప్యాకెట్, దాన్నే చూసి జెఫిర్‌లో, నట్‌ఎక్స్‌లో ప్యాకెట్ సాకెట్లు. బీఎస్‌డీలకు, క్యూఎన్‌ఎక్స్‌కు బీపీఎఫ్. వీఎక్స్‌వర్క్స్‌లో మక్స్ పొర. ఎల్‌డబ్ల్యూఐపీలో తెలియని ఈథర్‌టైప్‌కు ఒక హుక్. తలా ఒక దారి. దారులు వేరయింది అవసరం లేకపోయి కాదు, అందరికీ ఉండి. ఎవరికి వారు ఎంత కావాలో అంత తవ్వుకున్నారు. ప్రమాణం లేదు కనక వాడొద్దు, ఎవరూ వాడరు కనక ప్రమాణం అక్కర్లేదు: గుండ్రంగా తిరిగే ఈ వాదనకు మొదలూ లేదు, చివరా లేదు.

పేరు గందరగోళం కూడా కొంత అన్యాయం చేసింది. ‘రా సాకెట్’ అంటే చాలామందికి తెలిసిన సాక్-రా ఐపీ పొరది, ఈథర్‌నెట్‌ది కాదు. ఎల్‌డబ్ల్యూఐపీలో ‘రా ఏపీఐ’ అంటే కాల్‌బ్యాక్‌లతో టీసీపీ, యూడీపీ రాసే పద్ధతి. అదీ ఈథర్‌నెట్ కాదు. ఇంటర్వ్యూలో “మా ఓఎస్‌లో రా యాక్సెస్ ఉందండీ” అన్నవాళ్ళలో సగం మంది ఈ రెండింట్లో ఒకటి చూపించడం నేనెరుగుదును. డేటాషీటులో ఆ మాట కనపడగానే టిక్కు పెట్టకండి.

నిజంగా ఎంత కోడు మారుతుంది? ఎస్‌ఓఈఎం అనే ఓపెన్‌సోర్స్ ఈథర్‌క్యాట్ మాస్టర్ సోర్సు తెరిచి చూడండి. ప్రోటోకాల్ మొత్తం ఒకచోట. ఓఎస్‌ను బట్టి మారే నెట్‌వర్క్ కార్డు కోడు పక్కన విడిగా, ఒక్కో ఓఎస్‌కు ఒక్కో చిన్న ఫైలు. ఫ్రేము పంపు, ఫ్రేము అందుకో, అంతే. పదేళ్ళ తర్వాత కూడా తీగ మీద ఫ్రేము అదే ఆకారంలో ఉంటుంది. అంతకంటే గట్టి పోర్టబిలిటీ నాకు తెలియదు. పోర్టబిలిటీని నిజంగా తినేది తర్వాతి వాదన.

6. “కావలసినవాడు డ్రైవర్లో నాలుగు లైన్లు రాసుకుంటాడు”

జీడిమెట్ల కథ అక్కడితో అయిపోలేదు. ఐపీ తీసేసి నేరుగా ఫ్రేములు పంపామన్నాను. ఎలా? మేం వాడిన ఓఎస్‌లో ఆ దారి లేదు. చిప్పు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ సోర్సు ఉంది. మా కుర్రాడు ఫ్రేము అందుకునే ఫంక్షన్లోకి పోయి, ఈథర్‌టైప్ మాదైతే మా క్యూలో పడేసి, బఫర్ వదిలేసి తిరిగిపోయేలా పదకొండు లైన్లు చేర్చాడు. నాలుగు కాదు, పదకొండు. పైన కామెంట్ లేదు. రివ్యూ చేసింది నేనే, పాసయింది.

ఏడాదిన్నర తర్వాత చిప్పు కంపెనీ కొత్త ఎస్‌డీకే ఇచ్చింది. డ్రైవర్లో ఫ్రేములు కాపీ చేయడం మాని, బఫర్‌ను నేరుగా స్టాకుకు అప్పగించే పద్ధతికి మారారు. మంచి మార్పే. మేం మా పదకొండు లైన్లూ కొత్త ఫైల్లోకి అతికించాం, కంపైలయింది, టెస్టులు పాసయ్యాయి. కొత్త పద్ధతిలో ఆ బఫర్‌ను తర్వాత డ్రైవరే విడుదల చేస్తుంది. మా లైన్లు అంతకు ముందే ఒకసారి విడుదల చేసేస్తున్నాయి. ఒకే బఫర్ రెండుసార్లు ఖాళీ జాబితాలోకి పోతే ఏమవుతుంది? చాలాసేపు ఏమీ కాదు. నెట్‌వర్కులో ట్రాఫిక్ పెరిగి ఆ బఫర్ ఇద్దరి చేతుల్లోకి ఒకేసారి పోయిన క్షణంలో ఒకడు రాసింది ఇంకొకడి మీద పడుతుంది. మాకది వారానికోసారి పడింది. ఫ్యాక్టరీలో సర్వర్ బ్యాకప్ నడిచే గురువారం మధ్యాహ్నాలు.

మూడు గురువారాలు పోయాక లాజిక్ అనలైజర్, డంపులు పక్కనపెట్టి డ్రైవర్ పాత, కొత్త ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చదివాను. ఆ లైన్లు రాసిన కుర్రాడు అప్పటికి అమెరికాలో ఉన్నాడు. వాట్సాప్‌లో ఫోన్ చేస్తే, “అది టెంపరరీ అన్నారు కదన్నా మీరే” అన్నాడు. అన్నాను. గుర్తొచ్చింది.

ఎదుటివాళ్ళు రా యాక్సెస్ మీద మోపిన నేరాలన్నీ ఈ పదకొండు లైన్ల మీద మోపి చూడండి. భద్రతా? కెర్నెల్ హక్కులతో, ఏ ఫిల్టరూ లేకుండా, ఎవరూ ఆడిట్ చేయని కోడు. పోర్టబిలిటీయా? ఓఎస్‌కే కాదు, ఆ చిప్పుకు, ఆ డ్రైవర్ వెర్షన్‌కు అంటుకుపోయిన కోడు. నిర్వహణ ఖర్చా? ఓఎస్ చేసేవాళ్ళు ఒకసారి రాసి టెస్టు చేయాల్సిన దాన్ని వందమంది కస్టమర్లు వంద రకాలుగా, వంద తప్పులతో రాస్తున్నారు. వాళ్ళలో ఎవరి తప్పూ ఇంకొకరికి తెలియదు. అవసరం ఒకరిద్దరికేనన్న లెక్క కూడా ఇక్కడే కూలిపోతుంది: దొడ్డిదారిన పోయేవాళ్ళు ఎవరి రిజిస్టర్లోనూ సంతకం పెట్టరు. ఆర్‌టీఓఎస్ కంపెనీకి ‘ఈ ఫీచర్ ఎవరూ అడగలేదు’ అని కనపడుతుంది. అడక్కుండా గోడకు కన్నం వేసుకున్నవాళ్ళు దాని సర్వేలో పడరు.

కనక ఓఎస్ చేసేవాళ్ళను నేను అడిగేది చాలా కొంచెం. ఈథర్‌టైప్ పేరు మీద ఒక హ్యాండిల్ ఇవ్వండి. ఆ టైపు ఫ్రేములే రావాలి, ఇంకేవీ రాకూడదు. అన్ని ఫ్రేములూ వినే ప్రామిస్క్యుయస్ మోడ్‌కు వేరే అనుమతి పెట్టండి, డిఫాల్ట్‌గా మూసి ఉంచండి. మల్టీకాస్ట్ మ్యాక్ చేర్చుకునే, తీసేసుకునే ఫంక్షన్లు ఇవ్వండి. చిప్పులో రెండు మూడు ట్రాన్స్‌మిట్ క్యూలుంటే నా ఫ్రేము ఏ క్యూలో పోవాలో చెప్పనివ్వండి. లేకపోతే ఒక పూర్తి సైజు ఐపీ ఫ్రేము వెనక నిలబడటానికే వంద మెగాబిట్ల మీద 123 మైక్రోసెకన్లు పోతాయి. హార్డ్‌వేర్ టైమ్‌స్టాంప్ ఉంటే బఫర్‌తో పాటు పైకి పంపండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ బఫర్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఎవరిదో డాక్యుమెంట్‌లో ఒక్క వాక్యంలో రాయండి. నా మూడు గురువారాలు పోయింది ఆ వాక్యం లేకే. జెఫిర్, నట్‌ఎక్స్ లాంటివి మైక్రోకంట్రోలర్ మీద ప్యాకెట్ సాకెట్ నడిపి చూపిస్తున్నాయి కనక, చిన్న ఓఎస్‌లో కుదరదన్న సాకు కూడా మిగల్లేదు.

బోర్డు ఎంచుకునే స్థానంలో ఉన్న ఇంజినీర్లకు ఒక విన్నపం. ఈసారి ఆర్‌టీఓఎస్ అమ్మేవాడు స్లైడ్లు తిప్పుతుంటే మధ్యలో ఆపి అడగండి: “డ్రైవర్ ఫైలు ముట్టకుండా, నా ఈథర్‌టైప్ ఫ్రేమును నా టాస్కులో అందుకోగలనా? ఏ ఫంక్షన్?” రా సాకెట్ అంటే ఏ పొరదో అడగండి. జవాబుగా ఫంక్షన్ పేరు వస్తే రాసుకోండి. “డ్రైవర్ సోర్స్ ఇస్తాం సార్, మీవాళ్ళు చూసుకుంటారు” అని వస్తే మాత్రం, ఆ పదకొండు లైన్లు రాయబోయేది మీవాళ్ళే. కనీసం పైన కామెంట్ పెట్టమనండి.